గండికోట జలాశయం - వసంతకాలపు చేపలవేట, పడవ ప్రయాణం

గండికోట జలాశయం కడప జిల్లా జమ్మలమడుగు సమీపమున పెన్నా నదిపై నిర్మింపబడినది. గాలేరు-నగరి సుజల స్రవంతి పథకములో భాగమైన దీని నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుండి కృష్ణా జలాలు అవుకు మీదుగా ఇక్కడికి చేరును. దిగువన మైలవరం జలాశయానికి, ఎత్తిపోతల ద్వారా పులివెందుల ప్రాంతపు చిత్రావతి, పైడిపాలెం జలాశయాలకు ఈ నీరే వెళ్ళును. ఫాల్గుణ, చైత్ర మాసాలలో వరద రాక నిలిచిపోయినను వాడకం సాగుచుండుట వలన నీటిమట్టం తగ్గును.

అప్పుడు చేపలు లోతైన మడుగులకు చేరి వలకు సులువుగా చిక్కును. అయితే బొచ్చె, రోహు వంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. బయటినుండి తెచ్చి వదలిన పిల్లలే పెరిగి పెద్దవి కావలెను. కనుక చిన్న కన్నుల వలలతో పిల్లలను సైతం పట్టినచో మరుసటి ఏటి వేటకు మిగులునది స్వల్పము.

పుట్టి నడుపువారికి చిక్కు వేరు. 2020లో తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామాలు ముంపునకు గురైనవి. మట్టం తగ్గినపుడు మునిగిన గోడలు, చెట్ల మోళ్ళు నీటికి కొంచెం అడుగున, కంటికి కానరాకుండా ఉండవచ్చును. వలలు వాటికి తగులుకొనును, పుట్టి అడుగు చిరుగును. ఎండాకాలపు సాయంత్రాలలో హఠాత్తుగా లేచే గాలివాన మరింత అపాయకరము. గుండ్రని పుట్టికి ముందువెనుకలు లేనందున గాలికి గిరగిర తిరుగును, తెడ్డుకు లొంగదు. అందుచేత తెల్లవారుజామున వేటకు వెళ్ళి, ఎండ ముదరకముందే ఒడ్డు చేరుట క్షేమము.