అరిష్టములపై సుంకము

ఔషధములపై సుంకముఁ గొనుట మన దేశమునఁ గ్రొత్తగాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున శుల్కవ్యవహార ప్రకరణమునందు గంధద్రవ్యములకును, భైషజ్యములకును, మద్యమునకును ఒకే విధి గలదు: విలువలో 20వ పాలుగాని 25వ పాలుగాని శుల్కము. సురాధ్యక్ష ప్రకరణమున అరిష్టముల కూర్పునకు వైద్యులే ప్రమాణమని చెప్పి, రాజపణ్యము గాని యరిష్టము నమ్మువారు నూటికి 5 చొప్పున నీయవలెనని విధించెను. 5 పాళ్లన 20వ పాలే. కావున నరిష్టము మందా, మద్యమా యను విచారము సుంకరికిఁ బెద్దగాఁ బట్టలేదు.

తెలుఁగునాఁట గణపతిదేవుని మోటుపల్లి శాసనము (శా. శ. 1166, క్రీ. శ. 1244) సయితము చందన కర్పూరాదులకు సరకునుబట్టియే సుంకము నిర్ణయించెను, అవి పూజకా, చికిత్సకా యని యడుగలేదు.

ఆ ప్రశ్న నడిగినది 1955 నాఁటి కేంద్రశాసనము. పులియుటచేఁ దమంతఁ దామే మద్యసారము పుట్టిన యాయుర్వేదౌషధములలో, సామాన్య మద్యమువలెఁ ద్రాగ వీలుపడనివానికి సుంకము లేదనియు, వీలుపడువానికిఁ గలదనియు నది విభజించెను. విశాఖపట్టణపుటంగడిలోని ద్రాక్షారిష్టమునకును నాఁడు ఇదియే కొలత. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను రాఁగా నీ సుంకము తొలఁగెను.

వాడుకలో ‘మందు’ అను మాట నేఁటికిని రెంటికిఁ జెల్లుచున్నది. భాష కలిపియుంచినదానిని సుంకశాసనము వేఱుచేయవలసివచ్చెను. కావున నిఘంటుకారులు ఆసవారిష్టశబ్దముల యర్థములను వ్రాయునపుడు సుంకశాసనములనుగూడఁ జూడఁదగును.