గోనెగండ్ల ప్రాంత స్థానిక చరిత్ర పరిరక్షణ

గోనెగండ్ల, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని కర్నూలు జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రము. ఈ మండలములోని గాజులదిన్నె వద్ద హంద్రీ నదిపై నిర్మించిన జలాశయమునకు సంజీవయ్య సాగర్ అని పేరు. ఈ జలాశయము చుట్టూ, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పరిసరములలో ఉన్న గ్రామముల చరిత్ర ఏ ఒక్క పుస్తకములోనూ పూర్తిగా లభించదు. రాతి శాసనములు, కైఫియ్యత్తులు, ప్రభుత్వ గెజెటీర్లు, కరణముల దస్త్రములు, పెద్దల జ్ఞాపకములు అనే వేరు వేరు చోట్ల అది చెదిరి ఉన్నది. ఊరిలోని ఒకరు వ్రాసి ఉంచగా, మరొకరు దానికి నకలు తీసిన విషయములే నేటికి మిగిలినవి. ఆ ఆధారములు ఎట్టివి, అవి ఎక్కడ ఉన్నవి, వాటిని ఎట్లు కాపాడి నలుగురికి అందించవచ్చును అన్నది ఈ వ్యాసములోని విషయము.

నేపథ్యము

హంద్రీ నది మద్దికెర ప్రాంతములో పుట్టి, కర్నూలు నగరము వద్ద తుంగభద్రలో కలియును. వర్షాకాలములో పొంగి, మిగిలిన కాలములో సన్నబడు ఏరు ఇది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగము వర్షాభావ ప్రాంతము కనుక నీటిని నిలువ చేసుకొనుట ఇక్కడి జీవనమునకు మూలము. గాజులదిన్నె ప్రాజెక్టు మధ్యతరహా నీటిపారుదల ప్రాజెక్టు. దీని తొలి నిలువ సామర్థ్యము సుమారు నాలుగున్నర టి.ఎం.సి.లు. కర్నూలు జిల్లా పెదపాడులో 1921లో జన్మించి, 1960 నుండి 1962 వరకు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన దామోదరం సంజీవయ్య పేరును దీనికి పెట్టారు.

ఈ ప్రాంతపు ఊరి పేర్లలో కూడా చరిత్ర కనిపించును. దిన్నె అనగా ఎత్తైన నేల. కోడుమూరు, ఆలూరు, ఎమ్మిగనూరు వంటి పేర్ల చివర 'ఊరు', దేవనకొండ, పత్తికొండ వంటి పేర్ల చివర 'కొండ' ఉన్నవి. అయితే పేరును బట్టి అల్లిన కథలు అన్నియూ చరిత్ర కావు. పాత శాసనములో లేదా దస్త్రములో ఆ పేరు ఏ రూపములో ఉన్నదో చూచిన తరువాతనే దాని అర్థమును నిర్ణయించవలెను.

శాసనములు

ఈ ప్రాంతములో లభించిన వ్రాతలలో మిక్కిలి ప్రాచీనమైనవి అశోకుని శాసనములు. తుగ్గలి మండలములో జొన్నగిరి సమీపమున ఉన్న ఎర్రగుడి వద్ద కొండ గుండ్లపై ఇవి చెక్కబడినవి. స్థానికులు తరతరములుగా ఎరిగిన ఈ రాళ్ళపై ఉన్నది అశోకుని వ్రాత అని 1920ల చివరలో ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తించిన తరువాతనే లోకమునకు తెలిసినది. అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనములతో పాటు చిన్న శిలాశాసనము కూడా ఇక్కడ ఉన్నది. చిన్న శాసనములోని కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, తరువాతి పంక్తులు కుడి నుండి ఎడమకు సాగుట దీని విశేషము. రాజాజ్ఞను అధికారులు భేరి మ్రోగించి జనపదములోని ప్రజలకు వినిపించవలెనని ఇందులో ఆదేశించబడినది. అనగా రాతిపై చెక్కిన మాట చదువురాని వారికి కూడా చేరవలెనన్న ఏర్పాటు ఇరువది రెండు శతాబ్దములకు పూర్వమే ఈ నేలపై ఉన్నది. పత్తికొండ ప్రాంతములోని రాజులమందగిరిలో కూడా అశోకుని చిన్న శిలాశాసనము కలదు.

తరువాతి కాలపు శాసనములు ఎక్కువగా గుడుల వద్ద, చెరువు కట్టలపై, ఊరి బయట పొలములలో కనిపించును. పశ్చిమ కర్నూలు ప్రాంతము కన్నడ దేశమునకు ఆనుకొని ఉండుటచే ఇక్కడ తెలుగు శాసనములతో పాటు కన్నడ శాసనములు కూడా ఉన్నవి. కావున ఒక ఊరి చరిత్రను వ్రాయబూనిన వారికి రెండు లిపులతోనూ పరిచయము అవసరమగును.

చెరువు శాసనములు

చెరువును ఎవరు త్రవ్వించిరి, కట్టను ఎవరు నిలిపిరి, తూముకు, అలుగుకు ఎవరు మరమ్మతులు చేయవలెను, అందుకు ఏ భూమిని మాన్యముగా ఇచ్చిరి అన్న వివరములు చెరువు శాసనములలో ఉండును. చెరువును కట్టించినవారికి లేదా దానిని బాగుచేయుచుండు వారికి ఇచ్చు మాన్యమును రాయలసీమలో దశబంధము అందురు.

చెరువు శాసనములలో ప్రసిద్ధమైనది కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనము. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు (భవదూరుడు) 1369లో ఇక్కడ అనంతరాజసాగరము అను చెరువును కట్టించెను. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగములు, ఉండకూడని ఆరు దోషములు ఈ సంస్కృత శాసనములో చెప్పబడినవి. వేయి మంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసినట్లు కూడా ఇందులో ఉన్నది. ఆ రాళ్ళు నిలిచి ఉండుటచేత, ఆ నిర్మాణపు పద్ధతి ఆరున్నర శతాబ్దముల తరువాత కూడా తెలియుచున్నది. ఇట్టి రాయి పగిలిపోయిన చెరువు గురించి ఈ వివరములు తెలుసుకొనుటకు మరొక దారి లేదు.

కైఫియ్యత్తులు

1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయగా, దీనికి దత్త మండలములు అను పేరు వచ్చినది. (1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అను పేరు ఖాయమైనది.) 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులచే ఊరూరా చరిత్రలను సేకరింపజేసెను. కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య ఈ సహాయకులలో ముఖ్యులు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను, 1821లో మరణించెను.

ఇట్లు సేకరించిన గ్రామ వృత్తాంతములకు కైఫియ్యత్తులు అని పేరు. ఊరు ఎప్పుడు ఏర్పడినది, ఆ పేరు ఎట్లు వచ్చినది, ఏ ఏ రాజుల ఏలుబడిలో ఉన్నది, గుడులు, చెరువులు, బావులు ఎన్ని, ఇనాములు ఎవరికి చెల్లుచున్నవి అన్న విషయములు వీటిలో ఉండును. కరణములు తమ వద్దనున్న కవిలెలను చూచి, పెద్దలు చెప్పిన సంగతులను చేర్చి వీటిని వ్రాయించిరి. కాలక్రమమున ఈ కాగితములు శిథిలమగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వాటికి నకళ్ళు వ్రాయించెను. మూల ప్రతులు చెడిపోయిన ఊళ్ళకు ఈ నకళ్ళే ఆధారములు. మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో ఇవి భద్రపరచబడినవి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫియ్యత్తులను సంపుటములుగా అచ్చు వేయుటతో అవి సామాన్య పాఠకులకు అందుబాటులోకి వచ్చినవి.

కైఫియ్యత్తులలో ఐతిహ్యము, చరిత్ర కలగలసి ఉండును. మాన్యములు పోకుండ కాపాడుకొనవలెనన్న ఉద్దేశముతో చెప్పిన మాటలు కూడా కొన్ని ఉండవచ్చును. కనుక వాటిని శాసనములతో సరిపోల్చి చదువవలెను.

ప్రభుత్వ గ్రంథములు

1886లో కర్నూలు జిల్లా మాన్యువల్, 1904లో బళ్ళారి జిల్లా గెజెటీరు ఆంగ్లములో వెలువడినవి. ఈ రెండింటినీ చూడవలసి వచ్చుటకు కారణము జిల్లాల సరిహద్దులు మారుట. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలో ఉండెను. ఆ దినమున కర్నూలు జిల్లాలో చేరినవి. కావున ఆదోని వైపు ఊళ్ళ పాత సమాచారమును కర్నూలు గ్రంథములలో మాత్రమే వెదకినవారికి అది దొరకదు. 1961 జనాభా లెక్కల సందర్భమున జిల్లాల వారీగా ప్రచురించిన జాతరలు, పండుగల సంపుటములు కూడా ఉపయోగకరములు.

కరణముల దస్త్రములు

కరణము ఊరి లెక్కలు వ్రాయువాడు. పొలముల హద్దులు, చెరువు కింది మాగాణి, ఇనాము భూములు ఆయన దస్త్రములలో ఉండెడివి. 1984లో రాష్ట్ర ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దు చేసినది. వంశపారంపర్య పెత్తనము పోవుట వలన రైతులకు మేలు కలిగినది. అయితే ఆ పదవులతో పాటు ఊరి సంగతులను తరతరములుగా వ్రాసి ఉంచు అలవాటు కూడా ఆగిపోయినది. పాత ఇండ్ల అటకలపై మిగిలిన కాగితములకు చెద, తేమ శత్రువులు. మోడి వ్రాతను, గొలుసుకట్టు వ్రాతను చదువగల వారు తగ్గిపోవుట మరియొక చిక్కు.

మౌఖిక చరిత్ర

వ్రాతలో లేని చరిత్ర పెద్దల నోట ఉండును. 1876-78 నాటి మహా కరువు రాయలసీమలో ధాతు కరువుగా వాడుకలో నిలిచినది. 1952లో సైన్యము గంజి కేంద్రములు నడపిన కరువును గంజి కరువు అని పెద్దలు చెప్పుకొందురు. ఆనాడు పదేండ్ల వయసు గలవారు నేడు ఎనభై దాటినవారు. ఏ ఊరిలో గంజి పోసిరి, ఎవరు ఎక్కడికి తరలిపోయిరి, పశువులను ఏమి చేసిరి అన్న సంగతులను చూచినవారి నోట వినగల కాలము ఇక కొద్దిగానే ఉన్నది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండి కుటుంబములు పనుల కొరకు గుంటూరు, తెలంగాణ, బెంగళూరు వైపులకు వలసపోవుటను సుగ్గికి పోవుట అందురు. పిల్లలు కూడా తల్లిదండ్రులతో వెళ్ళుట వలన, అవ్వతాతల వద్ద ఊరి కథలు వినెడి నెలలు తగ్గిపోవుచున్నవి. వలస స్వయముగా ఈ ప్రాంత చరిత్రలో ఒక ముఖ్య భాగమైనను, గ్రామ చరిత్రలలో దానికి చోటు అరుదుగా లభించును.

నేతపని చరిత్రకు ఎమ్మిగనూరు ఉదాహరణ. మాచాని సోమప్ప నాయకత్వమున 1938లో ఇక్కడ చేనేతకారుల సహకార సంఘము ఏర్పడినది. ఆయనకు 1954లో పద్మశ్రీ లభించినది. సంస్థ చరిత్ర ఇట్లు నమోదైనను, మగ్గము భాగముల పేర్లు, రంగుల అద్దకపు మెలకువలు ఆ పనివారి మాటలలోనే ఉన్నవి.

మౌఖిక కథనమును సంప్రదాయముగా గుర్తించి వ్రాయవలెను. ఉదాహరణకు, రాఘవేంద్రస్వామి అనుగ్రహముతో వెంకన్న అను పశువుల కాపరి చదువు నేర్చి ఆదోని దివానైన కథ మంత్రాలయ సంప్రదాయములోనిది. దానిని సంప్రదాయముగానే పేర్కొనుట వలన కథకు లోటు రాదు, చరిత్రకు చిక్కు రాదు.

జలాశయములు - ముంపు

జలాశయము నీటిని ఇచ్చును. దాని కిందికి పోయిన పొలములు, దారులు, దిన్నెలు మరల కంటికి కనిపించవు. నాగార్జునసాగర్ నిర్మాణ సమయమున 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయలో త్రవ్వకములు జరిపి, దొరికిన వాటిని కొండపైకి చేర్చారు. ఆ కొండ నేడు ద్వీపము. దానిపై మ్యూజియము ఉన్నది. శ్రీశైలం ప్రాజెక్టు వలన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేక గ్రామములు మునిగినపుడు కొన్ని దేవాలయములను విప్పి వేరొక చోట తిరిగి కట్టిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము ఆలంపురమునకు, రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు వద్దనున్న జగన్నాథ గట్టుకు తరలినవి.

దేవాలయపు రాళ్ళకు అంకెలు వేసి మరల పేర్చవచ్చును. ఊరి వీధులు, కల్లములు, బావుల పేర్లు, ఎవరి ఇంటి ప్రక్కన ఎవరుండిరి అన్న సంగతులను అట్లు తరలించుట వీలుకాదు. అవి ఎరిగినవారు చెప్పగా వ్రాసుకొనుటయే మార్గము.

సేకరణ పద్ధతులు

* శాసనములు: రాతిని నీటితో మెత్తని కుంచెతో శుభ్రపరచి, తడిపిన కాగితమును దానిపై పరచి, అక్షరముల గుంటలలోనికి పోవునట్లు కుంచెతో కొట్టి, ఆరిన తరువాత సిరా అద్దుదురు. అక్షరములు తెల్లగాను, మిగిలిన భాగము నల్లగాను వచ్చును. ఇది శిక్షణ గలవారు చేయవలసిన పని. ఇతరులు ఏటవాలు వెలుతురులో ఛాయాచిత్రములు తీసిన చాలును. అక్షరములపై సున్నము, రంగు పూయరాదు; సుద్దతో దిద్దరాదు.
* దస్త్రములు: కాగితములను వరుస చెడకుండ ఛాయాచిత్రములు తీసి, మూల ప్రతిని యజమాని వద్దనే ఉంచవలెను.
* జ్ఞాపకములు: చెప్పినవారి అనుమతితో మాటలను ధ్వనిముద్రణ చేసి, తేదీ, ఊరు, చెప్పినవారి వయసు నమోదు చేయవలెను. ఊరి యాసను పుస్తక భాషలోకి మార్చరాదు.
* స్థలములు: చెరువు, తూము, గుడి, వీరగల్లు ఉన్న చోటును పటములో గుర్తించవలెను.

1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలియజేయవలెను. నిధుల కొరకు శాసనములను, వీరగల్లులను పెకలించుట నేరము. సాధారణముగా అట్టి రాళ్ళ కింద ధనము దొరకదు. రాతిపై ఉన్న వ్రాత మాత్రము నశించును.

నలుగురికి అందించుట

ఒకే ప్రతిగా ఉన్నది ఎంత భద్రముగా దాచినను ఏదో ఒకనాడు పోవచ్చును. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదుల వరదలో కర్నూలు నగరములోని అనేక భాగములు మునిగిపోయినవి. అట్టి వేళ ఇంటిలోని కాగితములను కాపాడుకొనుట ఎవరికైనను కష్టము. అందుచేత సేకరించిన సమాచారపు ప్రతులు ఊరి పాఠశాలలో ఒకటి, గ్రంథాలయములో ఒకటి, అంతర్జాలములో ఒకటి ఉండుట మేలు.

పాఠశాల విద్యార్థులు తమ ఊరి చెరువు, గుడి, కరువు జ్ఞాపకములను గురించి పెద్దలను అడిగి వ్రాయుట దీనికి సులభమైన ఆరంభము. రెండు శతాబ్దముల క్రిందట కైఫియ్యత్తులు పుట్టినది కూడా ఇట్లే: ఊరివారు చెప్పగా ఒకరు వ్రాసిరి, ఆ వ్రాత చెడిపోక ముందే మరొకరు నకలు తీసిరి.

ఇవి కూడా చూడండి

* గాజులదిన్నె ప్రాజెక్టు
* హంద్రీ నది
* ఎర్రగుడి అశోక శాసనములు
* కైఫియ్యత్తులు
* పోరుమామిళ్ళ చెరువు
* నాగార్జునకొండ