పుకారు తెచ్చే కొరత

గిరాకీ, సరఫరాలే ధరను నిర్ణయిస్తాయనేది మార్కెట్లో అందరూ చెప్పే మాట. అయితే గోదాములో ఎన్ని బస్తాలు ఉన్నాయో వాడకందారుకు తెలియదు. పత్రికలో చదివిందీ, టీవీలో చూసిందీ, పక్కింటివారు సెల్‌ఫోన్‌లో చూపించిందీ అతనికి తెలిసిన నిల్వ. ఆ మేరకే అతను కొంటాడు, లేదా మానేస్తాడు. ఉప్పు, కోడిమాంసం ధరలు ఈ విషయాన్ని రెండు విధాలుగా రుజువు చేశాయి.

2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. మూడు రోజులకే, ఉప్పు దొరకదన్న పుకారు ఉత్తరప్రదేశ్, ఢిల్లీ ప్రాంతాల్లో లేచి హైదరాబాద్ దాకా పాకింది. కిలో 20 రూపాయలలోపు ఉండే ఉప్పు కొన్నిచోట్ల 200 రూపాయలు పలికినట్లు వార్తలు వచ్చాయి. దేశంలో ఏటా ఉత్పత్తి 220 లక్షల టన్నులు కాగా, తిండికి వాడేది 60 లక్షల టన్నులేనని కేంద్రం ప్రకటించింది. గుజరాత్ కొఠార్లలో గాని, మన చినగంజాం, నౌపడలలో గాని ఆ రాత్రికి రాత్రి సరుకు తగ్గడానికి కారణమేదీ లేదు.

తగ్గింది చిల్లర అంగడిలో. నాలుగు బస్తాలు పెట్టుకునే కిరాణా కొట్టుకు, కిలో కొనే ఇల్లాలు ఐదు కిలోలు అడిగితే సాయంత్రానికి సరుకు ఉండదు. ఖాళీ అయిన కొట్టును, బారులు తీరిన జనాన్ని చూపిన దృశ్యాలు పుకారును నమ్మనివారిని కూడా అంగడికి తెచ్చాయి. టోకు సరఫరా ఆగలేదు కనుక కొద్ది రోజుల్లోనే ధర దిగివచ్చింది. హెచ్చు ధరకు కొన్నవారే నష్టపోయారు.

కోడిమాంసం కథ ఇందుకు భిన్నం. 2020 ఫిబ్రవరిలో, కోడిమాంసం తింటే కరోనా సోకుతుందన్న ప్రచారం జరిగింది. దీనికి ఆధారం లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ చెప్పినా అమ్మకాలు పడిపోయాయి. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో జరిగిన మేళాలో తెలంగాణ మంత్రులు వేదికపైనే కోడిమాంసం తిని చూపించారు. అయినా మార్చిలో ధరలు ఇంకా దిగజారాయి. మేత ఖర్చు కూడా రాని రైతులు కొత్త పిల్లలను షెడ్లలో వేయడం తగ్గించారు.

బ్రాయిలర్ కోడి అమ్మకానికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. మార్చిలో వేయని పిల్ల ఏప్రిల్ చివరకు కోడై రాదు. లాక్‌డౌన్‌లో రవాణా ఇబ్బందులు కూడా తోడయ్యాయి. జనం మళ్ళీ కొనడం మొదలుపెట్టేసరికి సరుకు చాలక, ఏప్రిల్, మే నెలల్లో ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. అబద్ధపు వార్త నుంచి పుట్టినా, ఈ కొరత మాత్రం నిజమైనదే.

వర్తకులు గమనించవలసిన తేడా ఇక్కడే ఉంది. పుకారు వాడకందారు దగ్గరే ఆగితే ధర కొద్ది రోజుల్లో యథాస్థితికి వస్తుంది. అటువంటప్పుడు ఎగబడి నిల్వ చేయడం చేటు. అదే పుకారు ఉత్పత్తిదారు చేతిని కూడా ఆపితే, సరుకు తయారయ్యే గడువు ముగిసేనాటికి ధర ఎదురు తిరుగుతుంది. ఖండన ప్రకటన వెలువడినంత మాత్రాన ఆగిపోయిన ఉత్పత్తి తిరిగి రాదు. కనుక వార్త చదివిన వర్తకుడు అంగడిలోని రద్దీతో పాటు, కొఠారులో, షెడ్డులో, చేలో పని సాగుతున్నదో లేదో కూడా విచారించుకుని బేరానికి దిగడం క్షేమం.