చక్రాల మీద చలికాలం
టెక్సస్ దక్షిణ కొసకు ఏటా ఇంటిని తోలుకుంటూ వచ్చే పెద్దలు తగ్గిపోతున్నారు. వారిని నమ్ముకున్న ఊళ్లకు అదే బెంగ

జనవరిలో ఏ పనిరోజున చూసినా ప్రొగ్రెసొ వంతెన మీద ఒకటే దృశ్యం. నిక్కర్లు, టోపీలు వేసుకున్న డెబ్బై ఏళ్ల అమెరికన్లు, కెనడియన్లు చేతికర్ర పట్టుకుని, చిల్లర నాణేలతో సుంకం కట్టి, రియో గ్రాండే నదిని నడిచి దాటుతుంటారు. అవతలి ఒడ్డున మెక్సికో ఊరు న్యూవొ ప్రొగ్రెసొ. దాని ప్రధాన వీధి పొడవునా పళ్ల డాక్టర్ల బోర్డులు, మందుల షాపులు, కళ్లజోళ్ల దుకాణాలు. పంటికి తొడుగు వేయించుకుని, బీపీ మాత్రలు కొనుక్కుని, ఓ సీసా వెనిలా చంకన పెట్టుకుని మధ్యాహ్నానికి వెనక్కి వస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఆ ఇంటికి చక్రాలుంటాయి.

వీరికి స్థానికులు పెట్టిన పేరు 'వింటర్ టెక్సన్లు'. మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్, కెనడాలోని మానిటోబా లాంటి మంచు సీమల నుంచి అక్టోబర్, నవంబర్లలో దిగుతారు. మార్చి చివరికల్లా వెళ్లిపోతారు. వచ్చేది ఆర్వీల్లో, అంటే వంటగది, పడకగది, బాత్‌రూమ్ అన్నీ అమర్చిన బస్సులాంటి బండిలో, లేదా ట్రక్కు వెనక తగిలించుకునే ట్రైలర్‌లో. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లొచ్చిన తెలుగు తల్లిదండ్రులు హైవే మీద వీటిని చూసి నోరెళ్లబెట్టే ఉంటారు. పెద్ద బండి లీటరు ఇంధనానికి మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. అందుకే ఒకసారి వచ్చినవారు నాలుగైదు నెలలు కదలరు.

ఈ ప్రాంతాన్ని రియో గ్రాండే వ్యాలీ అంటారు గానీ ఇది లోయ కాదు. దాదాపు 3,000 కి.మీ. ప్రవహించిన నది సముద్రంలో కలిసే ముందు పరిచిన డెల్టా. 1904లో బ్రౌన్స్‌విల్‌కు రైలు వచ్చాక భూముల వ్యాపారులు ఉత్తరాది రైతులకు పొలాలు అమ్మడానికి 'మాయా లోయ' అని ప్రచారం చేశారు, ఆ పేరే నిలిచిపోయింది. కోనసీమను తలపించే చదును నేల, కాలవలు. కొబ్బరి స్థానంలో నిమ్మజాతి తోటలు. ఎర్ర గుజ్జు గ్రేప్‌ఫ్రూట్ 1929లో బయటపడింది ఇక్కడి తోటలోనే. బ్రౌన్స్‌విల్ దాదాపు గువాహటి అక్షాంశం మీద ఉంటుంది. జనవరి పగటిపూట 20 డిగ్రీలు దాటే ఎండ, సముద్రపు తేమ గాలి. మైనస్ 20లో కార్ల మీద మంచు గీరుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

పార్కు అంటే మన లెక్కలో ఓ చిన్న పేట. ఒక్కో బండికి ఓ స్థలం. నీళ్ల గొట్టం, కరెంటు ప్లగ్గు, మురుగు పైపు తగిలిస్తే కాపురం మొదలైనట్లే. హాల్లో జానపద నృత్యాలు, గిటార్ బృందాలు, ఎవరింటి వంట వారు తెచ్చి పంచుకునే విందులు. ఒకప్పుడు మిషన్ పట్టణం పక్కన బెంట్సెన్ స్టేట్ పార్కులోనూ ఆర్వీలు దిగేవి. శీతాకాలపు అతిథులు చెట్లకు నారింజ చెక్కలు, గింజల డబ్బాలు వేలాడదీసేవారు. వాటి కోసం అమెరికాలో మరెక్కడా సులువుగా కనపడని గ్రీన్ జే లాంటి పక్షులు వాలేవి. పక్షి ప్రేమికులు సగం వీరి పుణ్యాన వాటిని చూశారు. 2000 తర్వాత ఆ పార్కును పక్షులకే కేటాయించి బండ్లను బయటికి పంపారు. అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు.

శీతాకాలంలో రప్పించిన తేమే ఏప్రిల్ నుంచి శత్రువవుతుంది. మూసిపెట్టిన ట్రైలర్ గోడలకు బూజు పడుతుంది. వదిలి వెళ్లేవారు ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచి, తేమ లాగే యంత్రం పెట్టి వెళతారు. జూన్ నుంచి నవంబర్ దాకా తుపాన్ల భయం. 2008లో డాలీ, 2020లో హన్నా ఈ తీరాన్నే తాకాయి. చలికీ పూర్తి హామీ లేదు. 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టిన రాత్రుల్లో కరెంటు పోయింది, పైపులు పగిలాయి, తోటలు మాడిపోయాయి.

వాతావరణం ఒక కారణమైతే, పళ్ల సంగతి ఇంకోటి. అమెరికా వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా 'మెడికేర్' మామూలుగా పంటి వైద్యానికి డబ్బివ్వదు. వంతెన అవతల అదే పని సగానికన్నా తక్కువలో అవుతుంది. ఆ ఊరున్న తమావులీపాస్ రాష్ట్రానికి వెళ్లొద్దని అమెరికా విదేశాంగ శాఖ 2018 నుంచి అత్యున్నత స్థాయి హెచ్చరిక చేస్తోంది. అయినా పింఛనుదారులు వెళుతూనే ఉన్నారు. ఇవతలి ఒడ్డున డాక్టర్ల కొరత. జె-1 వీసా సడలింపుతో వచ్చి పనిచేసే విదేశీ డాక్టర్లలో భారతీయులూ ఉన్నారు.

సమస్యేమంటే ఆ పింఛనుదారులే తరిగిపోతున్నారు. స్థానిక విశ్వవిద్యాలయం సర్వే ప్రకారం 2010 సీజన్‌లో 1.44 లక్షల మంది వస్తే, 2016లో వచ్చింది లక్షలోపే. తర్వాత కాస్త పుంజుకున్నా పాత వైభవం రాలేదు. సగటు వయసు 70 దాటింది. చూపు మందగించి బండి నడపలేనివారు మానేస్తున్నారు, వారి స్థానంలో కొత్తవారు అదే లెక్కన రావడం లేదు. ఇప్పుడు రిటైరయ్యే తరం ఒకే చోట అయిదు నెలలు కూర్చోదు. కెనడియన్ల కథ మరీ వేరు. కొవిడ్‌తో 2020 మార్చి నుంచి 2021 నవంబర్ దాకా భూసరిహద్దు మూసేశారు. 2025లో సుంకాల గొడవ, '51వ రాష్ట్రం' మాటలు, 30 రోజులు మించి ఉంటే పేరు నమోదు చేసుకోవాలన్న నిబంధన కలిసి చాలామంది మనసు విరిచాయి.

నష్టం ఎవరికి? హిడాల్గో కౌంటీలో 900కు పైగా 'కొలోనియా'లున్నాయి. 1950ల నుంచి తాగునీరు, మురుగు కాలవ లేకుండానే పేదలకు ప్లాట్లుగా కోసి అమ్మిన బస్తీలివి. చాలా వాటికి తర్వాత సదుపాయాలొచ్చాయి, కొన్నింటికి ఇంకా రాలేదు. బండికి మురుగు పైపు తగిలించే అతిథికి ఉన్న సౌకర్యం, ఆ బండి పక్కన గడ్డి కోసే మనిషి ఇంటికి ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా ఆ గడ్డి పనే అతని జీతం.

మరోవైపు నదే చిక్కిపోతోంది. 1944 ఒప్పందం ప్రకారం మెక్సికో అయిదేళ్లకు 17.5 లక్షల ఎకరా అడుగులు, మన లెక్కలో 76 టీఎంసీలు ఇవ్వాలి. బకాయి పడుతూనే ఉంది. (కృష్ణా పంచాయితీ తెలిసిన పాఠకులకు మిగతాది చెప్పనక్కర్లేదు.) నీళ్లు లేక టెక్సస్‌లో మిగిలిన ఒకే ఒక్క చక్కెర మిల్లు 2024లో శాంటా రోజాలో మూతపడింది. వ్యవసాయం నీరసించిన కొద్దీ వ్యాలీ ఊళ్లు అతిథుల వైపే చూస్తున్నాయి.

వెస్లాకోలో ఎస్టెరొ యానో గ్రాండే స్టేట్ పార్కులో ఓ మూల ఒకప్పటి ఆర్వీ పార్కు. దారులు, చెట్లు అలాగే ఉన్నాయి, బండ్లు లేవు. చలికాలపు అతిథులు తమ గుమ్మం ముందు నీడకోసం పెంచుకున్న మొక్కల్లో ఇప్పుడు బైనాక్యులర్లు పట్టుకున్నవారు పక్షుల్ని వెతుకుతుంటారు.