పరసూర్యుల గ్రహములు పలుకునా?

1955వ సంవత్సరారంభమున, అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, సెనెకా గ్రామసమీపమునందలి 96 ఎకరముల పొలములో శిలువయాకారముగా తీగలు పరచి, 22 మెగాహెర్ట్జుల వద్ద ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను నమోదు చేయుచుండిన బెర్నార్డ్ బర్క్, కెన్నెత్ ఫ్రాంక్లిన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులకు, తాము వెదకని సంకేత మొకటి కాగితముపై గీతలుగా పడుట కానవచ్చెను. పొలమున పనిచేయువాడెవడో రాత్రివేళ మోటారుబండిలో ఇల్లు చేరునపుడు దాని యింజను కలిగించు అలజడి యని తొలుత తలచిరి. లెక్కించి చూడగా, ఆ మూలము నక్షత్రములతోపాటు ఉదయించుచు, వాని నడుమ మెల్లగా స్థానము మార్చుకొనుచు, ఆకాశమున బృహస్పతి యున్న చోటనే నిలిచియుండెను.

గ్రహమునకు ఈ వాక్కు దాని అయస్కాంత క్షేత్రమువలన కలుగుచున్నది. క్షేత్రరేఖలను చుట్టుకొని సుడులు తిరుగు ఎలక్ట్రానులు ధ్రువప్రాంతములందు ఒక్కుమ్మడిగా రేడియోశక్తిని వెదజల్లును. ఆ తరంగముల పౌనఃపున్యము క్షేత్రబలమునకు సూటిగా అనుగుణమై, గౌసు ఒక్కింటికి 2.8 మెగాహెర్ట్జుల చొప్పున నుండును. బృహస్పతి ధ్రువములకడ ఆ బలము దాదాపు 14 గౌసులు గనుక, దాని పలుకు 40 మెగాహెర్ట్జుల వద్ద ఆగిపోవును. అన్య సూర్యుల చుట్టు తిరుగు గ్రహములు ఐదువేలకు పైగా మనకు తెలిసినవి. అనేకముల పరిమాణమును, కొన్నిటి బరువును, మరికొన్నిటి వాయుమండలమునందలి ఆవిరులను సైతము చెప్పగలుగుచున్నాము. కాని గర్భమున ద్రవలోహము మరగుచున్నదో లేదో తెలుపునదియు, నక్షత్రవాయువు తాకిడినుండి వాయుమండలమును కొంతవరకు కాచునదియు నగు అయస్కాంత క్షేత్రమును నేరుగా కొలిచి చూపు సాధనము ఈ రేడియో సంకేతమే. ఈ యన్వేషణ ఇన్ని దశాబ్దములుగా విడువక సాగుటకు ఇంతకంటె వేరు కారణము వెదుకనక్కరలేదు.

ఈ చరిత్రలో మన దేశమునకును చోటు కలదు. పుణె జిల్లా నారాయణగాంవ్ సమీపమున ఖోడద్ గ్రామమునందు గోవింద్ స్వరూప్ గారి సంకల్పముచే వెలసిన జి.ఎమ్.ఆర్.టి. అను రేడియో దూరదర్శినిలో, 45 మీటర్ల వ్యాసముగల పళ్లెములు 30 ఉన్నవి. వాని ఉపరితలము రేకుతో చేసినది కాదు. బిగించి కట్టిన ఉక్కుతాళ్లపై పరచిన సన్నని తీగల వల, దానిగుండా గాలి దూరిపోవును, మీటరు పొడవు తరంగములు మాత్రము దూరజాలవు. 2009లో ఈ పళ్లెములు సుమారు 120 కాంతివర్షముల దూరమునగల హ్యాట్-పి-11 అను నక్షత్రమువైపు తిరిగియుండగా, 150 మెగాహెర్ట్జుల వద్ద క్షీణసంకేత మొకటి అందినట్లు తోచెను. నెప్ట్యూనంతటి దాని గ్రహము నక్షత్రమువెనుకకు పోయిన వేళ ఆ సంకేతమును అణగినట్లు కనబడెను. గ్రహమే పలికినదనుటకు ఇంతకంటె ముచ్చటైన సాక్ష్యము వేరేమి కావలెను? అయినను 2010లో మరల చూడగా అది వినరాలేదు. పరిశోధకులు 2013లో దానిని ఆవిష్కరణముగా గాక ‘సూచన’గా మాత్రమే ప్రకటించిరి. ఆ సంయమమును నేను వారి సాఫల్యముగనే గణింతును.

స్వాతి నక్షత్రము వెలుగు మండలముననే, 51 కాంతివర్షముల దూరమున, చీకటిరాత్రి కంటికి కనబడు టౌ బూటిస్ అను చిన్న చుక్క కలదు. బృహస్పతిని మించిన గ్రహ మొకటి దాని చుట్టు 3.3 దినముల కొకమారు పరిభ్రమించుచున్నది. నెదర్లాండ్సులోని లోఫార్ దూరదర్శినితో జేక్ టర్నర్, ఫిలిప్ జార్కా ప్రభృతులు ఆ దిక్కున 14 నుండి 21 మెగాహెర్ట్జుల నడుమ వృత్తాకార ధ్రువణముగల విస్ఫోటములను గమనించి, 2020 డిసెంబరులో వెల్లడించిరి. తరువాతి పరిశీలనలందు అదియు పునరావృతము కాలేదు. జి.జె. 1151, వై.జెడ్. సెటి అను ఎఱ్ఱమరుగుజ్జు నక్షత్రములనుండి వచ్చిన తరంగములును కొంత ఆశ గొల్పినవి గాని, అచ్చట పలికినది నక్షత్రమే. గ్రహము దానిని పలికించినదా యన్నదే ప్రశ్న.

భూమివంటి గ్రహమును వినుట ఇంకను దుష్కరము. మన భూక్షేత్రము గౌసునకు లోపే గనుక దాని పలుకు రెండు మెగాహెర్ట్జులైనను చేరదు; సుమారు 10 మెగాహెర్ట్జులకు దిగువనున్న తరంగములను మన అయనోవరణము నేలకు రానీయదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు చంద్రుని ఆవలిముఖమున తీగలు పరచు తలంపు చేయుచున్నారు.

ఈ తరంగములు తెలుగుసీమకు దూరపువి కావు. హిందూపురమునకు చేరువనే, కర్ణాటకలోని గౌరీబిదనూరులో, 34.5 మెగాహెర్ట్జుల వద్ద ఆకాశమును విన్న తీగలక్షేత్రము 1970ల దశకమునుండి ప్రసిద్ధము. బృహస్పతిని వినుటకైతే అంత సాధనసంపత్తియు అక్కరలేదు. 20.1 మెగాహెర్ట్జులకు అమర్చిన చిన్న రిసీవరు, రెండు తీగ యాంటెనాలు, విద్యుత్తీగలకు దూరముగా కొంత బయలు ఉన్నచో, ఒడ్డున విరుగు అలలవంటి దాని హోరు చెవి కందును. ‘రేడియో జోవ్’ అను పేర నాసా ప్రోత్సాహమున విద్యార్థులు ఈ పని చేయుచునే యున్నారు. మన కళాశాలల భౌతికశాస్త్రాధ్యాపకులు తమ శిష్యులచే ఈ యేడే అట్టి యాంటెనా నొకటి కట్టించి, బృహస్పతి ఆకాశమున నుండు రాత్రులందు, తెల్లవారుజామున వారిని దానిముందు కూర్చుండబెట్టవలెనని నా ప్రార్థన.