మీకు తెలుసా? అంకె వెనక ఊరి పేరు

ఉత్తరం మీద 531116 అని ఉంటే తపాలా శాఖకు అది నర్సీపట్నం. 2022 ఏప్రిల్ 4న ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా ఆ అంకెలు మారలేదు. ప్రోగ్రామింగ్‌లో ‘ఈనమ్’దీ ఇదే పద్ధతి: మనం పేర్లు రాస్తాం, యంత్రం అంకెలు దాచుకుంటుంది.

• సీ భాషలో నర్సీపట్నం, చోడవరం, మాడుగుల అని వరసగా రాస్తే వాటి విలువలు 0, 1, 2. ప్రింట్ చేస్తే అంకే వస్తుంది. పేరు కావాలంటే పట్టిక విడిగా రాసుకోవాలి.

• మధ్యలో కొత్త ఊరు చేర్చి పట్టికను మరిచిపోతే, ఒక ఊరి అంకెకు పక్క ఊరి పేరు పలుకుతుంది!

• 2004 నాటి జావా 5లో, 2014 నాటి పైథాన్ 3.4లో ఈనమ్‌లు తమ పేరు తామే చెబుతాయి.