35 మిల్లీమీటర్ల గుంత

వంటింటి అలమర తలుపు ఒరిగిందంటే చాలామంది ముందు కొత్త హింజ్ కొంటారు. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగ్గానే ఇస్తారు. "సున్నానా, ఎనిమిదా, పదహారా?" అన్నదొక్కటే ప్రశ్న. తలుపు పక్కచెక్కను పూర్తిగా కప్పాలా, సగమే కప్పాలా, లోపలికి కూర్చోవాలా అన్నది ఆ అంకెలు తేలుస్తాయి. తీరా ఇంటికి తెచ్చి బిగిస్తే స్క్రూ పట్టు దొరక్క తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే చెడింది హింజ్ కాదు, దాని చుట్టూ ఉన్న చెక్క.

పాతకాలపు టేకు తలుపులకు ఈ బాధ తక్కువ. మడత బందు స్క్రూలు తలుపు అంచులో, గట్టి చెక్కలో దిగేవి. 20వ శతాబ్దం మధ్యలో చెక్కపొట్టును జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు వచ్చింది. పటాన్‌చెరులో తయారైన నోవోపాన్ పేరునే ఇక్కడి వడ్రంగులు ఆ రకం బోర్డులన్నిటికీ వాడేస్తారు. దాని అంచులో స్క్రూ దింపితే చీలుతుంది. కనుక పట్టును అంచు నుంచి వెనకవైపు వెడల్పు భాగానికి మార్చాలి. గిన్నెలాంటి భాగాన్ని 35 మిల్లీమీటర్ల గుంతలో కూర్చోబెట్టే హింజ్ ఆ పని చేసింది. 1952లో ఆస్ట్రియాలో గుర్రపు నాడాల స్టడ్‌లతో మొదలైన బ్లూమ్ కంపెనీ 1960లలో ఈ రకం హింజ్‌ల తయారీలోకి వచ్చింది.

గుంత తవ్వే బిట్టు అంతకంటే పాతది. అమెరికాలో తుపాకులు చేసే బెంజమిన్ ఫోర్స్ట్‌నర్ 1874లో దానికి పేటెంటు పొందాడు. మామూలు బిట్టు మధ్య మొనను నమ్ముకుని తిరుగుతుంది. ఇది తన గుండ్రటి అంచునే ఆధారం చేసుకుంటుంది కాబట్టి అడుగు చదునుగా వస్తుంది. అంత సొగసైన ఆలోచన పనిముట్లలో అరుదు.

ఇక గుంత ఎందుకు పాడవుతుంది? 45 సెంటీమీటర్ల వెడల్పు, 5 కిలోల బరువున్న తలుపుకు రెండు హింజ్‌ల మధ్య ఎడం 50 సెంటీమీటర్లు అనుకుందాం. పై హింజ్ మీద సుమారు 2.25 కిలోల అడ్డలాగుడు పడుతుంది. 15 కిలోల పిల్లాడు తలుపు కొసన వేలాడితే మరో 13.5 కిలోలు కలుస్తాయి. పైనున్న గిన్నె ఒత్తిడంతా తలుపు అంచు దగ్గరి సన్నటి పట్టీ మీదే పడుతుంది. దాని మందం 4, 5 మిల్లీమీటర్లే. సింకు కింద తడికి ఉబ్బిన బోర్డైతే ఆ పట్టీ పొడిపొడిగా రాలుతుంది.

స్క్రూ రంధ్రం మాత్రమే వదులైతే పని తేలిక. దాన్ని 8 మిల్లీమీటర్లకు పెద్దది చేసి, ఫెవికాల్ పూసిన గట్టిచెక్క డోవెల్ దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, సన్నటి కొత్త రంధ్రం పెట్టుకోవాలి. అగ్గిపుల్లలు కుక్కడం నాకు నచ్చదు. పొట్టుబోర్డులో వాటికి ఆనిక ఉండదు.

గుంతే విరిగితే చోటు మార్చాలి. కొత్త గుంత కేంద్రం పాతదానికి కనీసం 6 సెంటీమీటర్ల దూరంలో, తలుపు అంచు నుంచి 22 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. 18 మిల్లీమీటర్ల బోర్డులో లోతు 12 చాలు. ఇక్కడ చెయ్యి నెమ్మదించాలి. ఈ బిట్టుకూ ఉండే చిన్న మధ్య మొన కోతకంటే ముందు నడుస్తుంది, ఏమరితే అవతలి సన్‌మైకా బొడిపె కడుతుంది. పాత గుంతలో చెక్క బిళ్ల అతికించి మూసేయాలి. అలమర పక్కచెక్క మీది ప్లేటునూ సరిగ్గా అంతే దూరం జరపాలి.

హింజ్‌ను ఎటు జరపాలన్నది కూడా లెక్కే. రెండో హింజ్‌కు దూరంగా జరిపితే లాగుడు తగ్గుతుంది, దగ్గరికి జరిపితే పెరుగుతుంది. పైన చోటు లేక కిందికే జరపాల్సి వస్తే మధ్యలో మూడో హింజ్ కూడా వేయించండి. రాణిగంజ్‌లో కొనేటప్పుడే ఒకటి ఎక్కువ తెచ్చుకోవడం మేలు.